దేనికి భయం దీనికి?

సంగటి ముద్ద మింగేసి, గిన్నె నాకి నాకి,
మళ్ళీ నా మొహం చూసిన రోజు
పేరు దానంతటదే వచ్చి కూర్చునింది: సంగటి.
కొర్లగుంట రెండో సందులో
నా కుట్టుమిషను కింద ఆరేళ్ళు.
పెడలు ఆగితే కళ్ళు తెరిచేది,
ఆడితే మూసేది.

ఇప్పుడు నాకు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పని.
జీతం, గది, మూడు పూటలా తిండి.
నియమాల కాగితంలో ఏడో లైను:
పెంపుడు జంతువులు కూడదు.
సంతకం పెట్టింది నేనే.
ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.
ఈ మాట ముందే చెప్పేస్తే
తక్కినవి చెప్పడం రొంత సులువు.

"రాత్రిపూట అలిపిరి కాడ దించేసి రా అక్కా,
వచ్చే పోయే జనం, తిండికేం కొదవ?"
అన్నాడు ఎదురింటి ఆటో అబ్బి.
మంచోడే.
ఇట్లాంటివి మంచోళ్ళే చెప్తారు.
వాడి ఆటో సందు తిరిగితే చాలు
అది తోకాడిస్తుంది.

మొదట వచ్చినాయన మామిడితోట ఆసామి.
దాని పళ్ళు చూసినాడు,
గొలుసు ఎంత పొడుగో చెప్పినాడు.
ఇంకొకడు ఫోన్లోనే అడిగినాడు, "ఈనుతుందా?"
ఈనదు, ఆపరేషన్ చేయించినా అంటే
పెట్టేసినాడు.
పిల్లల్తో వచ్చినవాళ్ళు ఫోటోలు దిగి
ఏ సంగతీ చెప్తామని పోయినారు.
ఆ చెప్పడం ఇంకా రాలేదు.

తర్వాత దేశమ్మ.
పశువుల ఆసుపత్రి గుణశేఖర్ పంపిన మనిషి,
పాకాల దాటినాక పెంకుటిల్లు, రెండు ఆవులు.
చెయ్యి చాపలేదు, పిలవలేదు,
గడప కాడ చతికిలబడి
అది వచ్చి వాసన చూసేదాకా ఊరకుండి
అప్పుడు నన్నడిగింది:
"దేనికి భయం దీనికి?"

గంగజాతర డప్పులకి మంచం కిందికి దూరుతుంది.
వేషం కట్టినోళ్ళని చూస్తే ఉచ్చ పోసుకుంటుంది.
చీపురు ఎత్తితే ఒదిగిపోతుంది,
నా కాడికి రాకముందు ఎవరో కొట్టినారు.
ఒకటి దాచుకుందామనుకున్నా,
కానీ ఆ ప్రశ్న అడిగిన మనిషి కాడ దాచలేకపోయినా:
పోయినేడు పాలబ్బాయిని కరిచింది.
సూదులకి డబ్బులు నేనే కట్టినా.

దేశమ్మ కాసేపు దాని చెవులు చూసింది.
"మా రెండో ఆవూ అంతే,
తన్నేసి వచ్చి నాకుతుంది."

ఆదివారం నేనే పోయినా.
రోడ్డు ఎంత దూరం, నీళ్ళతొట్టి ఎంత ఎత్తు,
మధ్యాన్నం నీడ ఏ పక్కకి పడుతుంది.
"పెళ్ళిచూపులకొచ్చినట్టుందే!" అని
వాళ్ళాయన మునికన్నయ్య నవ్వినాడు.
నేను నవ్వలేదు,
గేటుకి గొళ్ళెం పడుతుందో లేదో
చూస్తా ఉన్నా.

పాల వ్యానులో తీసకపోయినా.
టీకాల కార్డు, గిన్నె, ఉతకని నా పాత నైటీ,
రెండు పక్కలా రాసిన కాగితం.
చివర్లో పెద్ద అక్షరాలు:
కుదరకపోతే నాకే చెప్పండి,
ఎన్నేళ్ళయినా సరే,
ఇంకెవరికీ ఇచ్చేయద్దండి.

వెనక్కి చూడకుండా వచ్చేసినామని చెప్తారు జనం.
నేను చూసినా.
మూడుసార్లు.
మూడోసారి అది నన్ను చూడలేదు,
ఆవు తోకను చూస్తా ఉండాది.

ఐదో రోజు ఫోను.
"నిన్నటిదాకా మూతి పెట్టలేదమ్మా.
ఈ పొద్దు తినింది. సంగటే.
ఉండు, దాని చెవి కాడ పెడతా, మాట్లాడు."

పేరు గొంతు దాకా వచ్చింది.
పిలిస్తే వెతుకుతుంది,
తొట్టి వెనకా, గడ్డివామి చుట్టూ,
గొళ్ళెం తీసుంటే రోడ్డు దాకా.
మింగేసినా.
వరండాలో పిల్లల బకెట్లు గలగలమంటా ఉండాయి.

"తోకాడిస్తా ఉండాది,"
అనింది దేశమ్మ.
"ఊపిరి ఆనవాలు పట్టినట్టుంది."

ఫోను కొంచెం
దూరంగా పట్టుకున్నా.